కారు అడుగున స్ట్రిప్ లైట్లు: చీకట్లో ఫోటో తీస్తే తెల్లని మచ్చ తప్ప ఏమీ రావడం లేదు

మిర్చియార్డు_దారి (గుంటూరు) · శనివారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మా తమ్ముడు ఏడాది కిందట ఒక పాత తెల్ల స్విఫ్ట్ కొన్నాడు. సెలవు రోజుల్లో తానే కూర్చుని బాగుచేసుకున్నాడు. కారు అడుగున నాలుగు వైపులా రిమోటుతో రంగులు మారే ఎల్‌ఈడీ స్ట్రిప్‌లు కూడా తనే బిగించి, నీలం రంగు పెట్టుకున్నాడు. ఈ నెలాఖరుకు ఉద్యోగం మీద బెంగళూరు వెళుతున్నాడు. వెళ్లేలోపు ఆ దీపాలు వెలుగుతుండగా కారుకు ఒక మంచి ఫోటో తీసి, ఫ్రేము కట్టించి ఇంట్లో పెట్టాలని అమ్మ కోరిక. ఆ పని నా మీద పడింది.

ఈ రాత్రి 9 గంటలకు మా వీధి చివర ఖాళీ స్థలంలో నలభై దాకా తీశాను. ఒక్కటీ బాగాలేదు. కంటికి ఎంతో అందంగా కనపడిన నీలం కాంతి ఫోటోలో తెల్లని మచ్చలా వస్తోంది. దాని అంచున ఊదారంగు. పైన కారు ఉందో లేదో తెలియనంత చీకటి. కెమెరా మామూలు డీఎస్‌ఎల్‌ఆర్, 50 ఎంఎం లెన్సు. ఐఎస్‌ఓ (కెమెరా సెన్సరు వెలుగుకు స్పందించే మోతాదు) 6400, లెన్సు రంధ్రం ఎఫ్/1.8, షట్టర్ 1/60 సెకను. చేత్తో పట్టుకునే తీశాను, స్టాండు లేదు. తప్పు ఎక్కడుందో చెప్పగలరా?

ఫోన్_కెమెరా_చాలు (విజయవాడ) · శనివారం రాత్రి 10:58

ముందు స్టాండు సంపాదించండి. మిగతా సలహాలన్నీ దాని తరువాతే.

బ్యారేజీ_సాయంత్రం (విజయవాడ) · శనివారం రాత్రి 11:25

స్టాండు అవసరమే, కానీ అసలు చిక్కు అది కాదు. మీరు తీసిన సమయంలో ఉంది. 9 గంటలకు ఆకాశంలో వెలుగు సున్నా. కారు కింద నేల మీద మాత్రం దీపం పక్కనే ఉన్నంత వెలుగు. ఈ రెండింటి మధ్య తేడాను మన కళ్లు సర్దుకుంటాయి, సెన్సరు సర్దుకోలేదు. కారు కనపడేలా తీస్తే నీలం తెల్లబడుతుంది. నీలాన్ని కాపాడితే కారు మాయమవుతుంది. ఆ చీకట్లో ఏ సెట్టింగు పెట్టినా ఈ రెండిట్లో ఒకటే దక్కుతుంది.

సూర్యాస్తమయం అయ్యాక వచ్చే నీలి వెలుగులో తీయండి. ఆకాశమంతా ఒక పెద్ద మెత్తని దీపంలా కారు పైభాగాన్ని వెలిగిస్తుంది, కింద మీ స్ట్రిప్‌లు వెలుగుతాయి, రెండూ ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. ఇప్పుడు సెప్టెంబరు మధ్యలో మన దగ్గర సూర్యుడు 6:10 ప్రాంతంలో అస్తమిస్తున్నాడు. 6:18 నుంచి 6:30 వరకు మీ పని సాగుతుంది. ఆ తరువాత ఎంత తంటాలు పడినా మళ్లీ ఈ రాత్రి ఫోటోలే.

ఒక విషయం గట్టిగా చెబుతాను. విదేశాల వాళ్ల వీడియోలు చూసి, తీరిగ్గా తీయవచ్చులే అనుకోకండి. లండన్‌లో జూన్ నెలలో సంధ్య వెలుగు ముప్పావు గంట పైనే నిలుస్తుంది. మనం 16 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాం. ఇక్కడ సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగిపోతాడు. ఇరవై రెండు, ఇరవై మూడు నిమిషాల్లో అంతా అయిపోతుంది. కారు నిలిపే చోటు, కోణం, ఫోకస్ అన్నీ 6 గంటలకే సిద్ధంగా ఉండాలి.

మిర్చియార్డు_దారి · శనివారం రాత్రి 11:41

ఇన్నాళ్లూ పూర్తిగా చీకటి పడితేనే దీపాలు బాగా కనపడతాయనుకున్నాను. చాలా ధన్యవాదాలండి. మరి షట్టరు ఎంత పెట్టాలి?

బ్యారేజీ_సాయంత్రం · ఆదివారం ఉదయం 6:50

ఐఎస్‌ఓ 100, ఎఫ్/8. అస్తమయమైన పది నిమిషాలకు 2 సెకన్లతో మొదలుపెట్టండి. పదిహేను నిమిషాలకు 8 సెకన్ల దాకా వెళ్లాల్సి వస్తుంది. ఇరవై దాటితే 30 సెకన్లు కూడా చాలకపోవచ్చు. ఎఫ్/1.8 దగ్గర ముందు బంపరు స్పష్టంగా ఉంటే వెనుక చక్రం మసకబారుతుంది. ఎఫ్/8లో కారు మొత్తం స్పష్టంగా వస్తుంది.

షట్టరును వేలితో నొక్కకండి, 2 సెకన్ల టైమరు పెట్టండి. లెన్సులో కదలిక తగ్గించే స్విచ్ ఉంటే స్టాండు మీద దాన్ని ఆపేయండి. వైట్ బ్యాలెన్సు (రంగుల సర్దుబాటు) ఆటోలో వదలవద్దు. కెమెరా మీ నీలాన్ని దోషమనుకుని సరిచేయబోతుంది. 4000 కెల్విన్ దగ్గర స్థిరంగా పెట్టి, రా ఫైలులో (కెమెరా సర్దుబాట్లు చేయని ముడి ఫైలు) తీయండి. మిగతాది ఇంటికి వెళ్లాక సర్దుకోవచ్చు.

ఫోకస్ కూడా చేత్తోనే. లైవ్ వ్యూలో (కెమెరా వెనుక తెర మీద) పెద్దది చేసి, ఎవరినైనా ఫోను టార్చి హెడ్‌లైటు అంచు మీద వేయమని చెప్పి, అక్కడ ఫోకస్ కుదిరాక ఇక ఆ రింగును ముట్టుకోవద్దు.

ఆటోనగర్_వైరింగ్ (విజయవాడ) · ఆదివారం ఉదయం 9:15

తమ్ముడూ, నేను ఫోటోలు తీసేవాణ్ణి కాదు. ఆటోనగర్‌లో కార్ల వైరింగ్ పని చేస్తాను. ఇలాంటి స్ట్రిప్‌లు చాలా బిగించాను కాబట్టి దీపాల వైపు నుంచి నాలుగు మాటలు చెబుతాను.

మొదటిది, ఫోటో తీసేటప్పుడు ఇంజిన్ ఆపేయాలి. ఐడ్లింగ్‌లో బండి బాడీ సన్నగా వణుకుతూనే ఉంటుంది. 8 సెకన్ల ఫోటోలో ఆ వణుకు నంబరు ప్లేటు అక్షరాల మీద తెలిసిపోతుంది. లోపల మనిషి కూర్చోకూడదు, కాలు కదిపినా స్ప్రింగులు కదులుతాయి.

రెండోది చాలామంది పట్టించుకోరు. ఇంజిన్ ఆన్‌లో ఉంటే ఆల్టర్నేటర్ నుంచి సుమారు 14 వోల్టులు వస్తాయి. ఆపితే బ్యాటరీ 12.6 దగ్గర ఉంటుంది. 12 వోల్టుల స్ట్రిప్‌లో మూడేసి ఎల్‌ఈడీలు ఒక వరుసలో, వాటికి ఒక రెసిస్టరు ఉంటాయి. నీలం, ఆకుపచ్చ ఎల్‌ఈడీలు ఒక్కొక్కటి సుమారు 3 వోల్టులు తీసుకుంటాయి, ఎరుపు 2 వోల్టులే. అందుకని వోల్టేజి తగ్గగానే నీలం, ఆకుపచ్చ ఎక్కువ పడిపోతాయి, ఎరుపు తక్కువ పడిపోతుంది. కలిపిన రంగు, అంటే ఊదా లాంటిది పెట్టుకుంటే, ఇంజిన్ ఆపగానే కాస్త ఎరుపు వైపు జరుగుతుంది. కాబట్టి రంగు, వెలుగు చూసుకోవడం ఇంజిన్ ఆపాకే.

బ్యాటరీ గురించి భయపడనక్కర్లేదు. మీటరుకు 60 దీపాలుండే 5050 రకం స్ట్రిప్, అన్ని రంగులూ పూర్తిగా వెలిగితే మీటరుకు సుమారు 14 వాట్లు. ఐదు మీటర్లకు 70 వాట్లు, అంటే 6 ఆంపియర్లు. ఒక్క నీలమే అయితే అందులో మూడో వంతు. అరగంటకు ఏమీ కాదు.

మూడోది, స్ట్రిప్ ఎక్కడ బిగించారు? బయటి అంచుకు మరీ దగ్గరగా ఉంటే దీపాలే నేరుగా కెమెరాకు కనపడతాయి. మీరు చెప్పిన తెల్లని మచ్చకు అది కూడా ఒక కారణం కావచ్చు. నాలుగు వేళ్లంత లోపలికి జరిపి, ముఖం కిందికి కాకుండా కారు మధ్య వైపుకు కొద్దిగా వాల్చి బిగిస్తే దీపం కనపడదు, వెలుగు మాత్రమే బయటికి వస్తుంది.

రవాణా_నియమాలు (గుంటూరు) · ఆదివారం ఉదయం 10:02

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు, కానీ ఇది ఎవరో ఒకరు చెప్పాలి. ఆ దీపాలు వెలిగించి రోడ్డెక్కవద్దు. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ వాహనానికి తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధమైన మార్పులు చేయడాన్ని నిషేధిస్తుంది. కేంద్ర మోటారు వాహనాల నియమావళి 1989లో 108వ నియమం ముందు వైపుకు ఎరుపు, వెనుక వైపుకు ఎరుపు తప్ప వేరే రంగు కనపడటాన్ని అడ్డుకుంటుంది. పైగా రాత్రిపూట దూరం నుంచి నీలం వెలుగు చూస్తే అంబులెన్సో పోలీసు బండో అనుకుని పక్కకు తప్పుకునేవాళ్లుంటారు. ప్రైవేటు స్థలంలో, యజమాని అనుమతితో, కారు నిలిపి ఉంచి తీసుకోండి. అక్కడి నుంచి బయలుదేరే ముందే ఆపేయండి.

మిర్చియార్డు_దారి · ఆదివారం ఉదయం 11:30

మీరు చెప్పింది నిజమేనండి. తమ్ముడు కూడా రోడ్డు మీద ఎప్పుడూ వేయడు, బెంగళూరు వెళ్లేముందు ఎలాగూ తీసేస్తాడు. స్థలం దొరికింది. మా మామయ్య ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమాస్తా. సాయంత్రం హమాలీలు వెళ్లిపోయాక లారీలు తిరిగే ఆవరణ ఖాళీగా ఉంటుంది. యజమాని ఒప్పుకున్నారట. కింద సిమెంటు నేల. సిమెంటు మంచిదా, తారు మంచిదా?

పాత_ఫిల్మ్_రోలు (గుంటూరు) · ఆదివారం మధ్యాహ్నం 3:20

బాబూ, నేను బ్రాడీపేటలో చాలా ఏళ్లు స్టూడియో నడిపాను. ఇప్పుడు పని మానేశాను కానీ చూపు మానలేదు. నువ్వు అడిగిన ఈ చివరి ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యమైనది.

నువ్వు తీయబోయేది దీపాన్ని కాదు, నేలను. కారు అడుగున దీపం ఉందని మనకు చెప్పేది నేల ఒక్కటే. నల్లని కొత్త తారు వెలుగును మింగేస్తుంది. పాత సిమెంటు బూడిదరంగులో ఉంటుంది కాబట్టి నీలాన్ని నీలంగానే తిరిగి ఇస్తుంది. గడ్డి మీద పెడితే వెలుగు ముక్కలు ముక్కలైపోతుంది. కారును ఎంతసేపు తుడుస్తావో నేలను కూడా అంతసేపు చూడు.

ఇంకొకటి. ఈ దీపం నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. వెలుగు బయటికి వచ్చేటప్పుడు నేలను రాసుకుంటూ వస్తుంది. పొద్దు వాలేటప్పుడు మన నీడలు బారెడు పొడవు సాగుతాయి కదా, ఇక్కడ చిన్న రాయికి కూడా అలాగే సాగుతుంది. పగలు కంటికి ఆనని ఇసుక రేణువు ఫోటోలో నీడతో సహా కనపడుతుంది. వెళ్లగానే మోకాళ్ల మీద వంగి, స్ట్రిప్ వెలిగించి, నేలను ఆ ఎత్తు నుంచే చూడు.

బ్యారేజీ_సాయంత్రం · ఆదివారం మధ్యాహ్నం 3:52

నేలను తడపండి! నేను కృష్ణ ఒడ్డున తీసిన వాటిలో నాకు నచ్చినవన్నీ వాన పడ్డాక తీసినవే. ఒకసారి సీతానగరం వైపు నుంచి, వెనుక ప్రకాశం బ్యారేజీ వచ్చేలా ఒక మిత్రుడి నల్ల కారు తీశాను. 85 ఎంఎం లెన్సుతో బాగా వెనక్కి వెళ్లి తీస్తే గేట్ల వరుస కారు వెనుకకు దగ్గరగా జరిగి వచ్చినట్లుంటుంది. కింద తడి నేలలో కారంతా తలకిందులుగా కనపడింది. పొడి నేల మీద ఆ లోతు రాదు.

ఆటోనగర్_వైరింగ్ · ఆదివారం సాయంత్రం 4:10

అన్నా, మీ మాట కాదనడం లేదు గానీ తడి నేల అద్దంలా పనిచేస్తుంది కదా. అద్దంలో వెలుగు కాదు, దీపమే కనపడుతుంది. స్ట్రిప్‌లోని ఒక్కొక్క ఎల్‌ఈడీ విడివిడిగా పూసల దండలా నేల మీద కనపడిపోతుంది. మా దగ్గర బిగించుకున్న వాళ్లు వానాకాలంలో ఫోటోలు తెచ్చి చూపించి, స్ట్రిప్ నాసిరకమా అని అడుగుతుంటారు. స్ట్రిప్ బాగానే ఉంటుంది, కింద నీళ్లు నిలిచి ఉంటాయి. తడపాలనుకుంటే ముందు స్ట్రిప్ మీద పాలరంగు సిలికాన్ తొడుగు వేయించండి, అప్పుడు చుక్కలు కలిసిపోయి గీతలా వస్తుంది.

బ్యారేజీ_సాయంత్రం · ఆదివారం సాయంత్రం 4:31

పూసలు కనపడటం నిజమే. నేను తీసిన కారుకు తొడుగు ఉన్న స్ట్రిప్ ఉండేది, అందుకే నాకు ఆ ఇబ్బంది ఎదురవలేదు. అయినా తడి నేల వైపే నా మొగ్గు.

పాత_ఫిల్మ్_రోలు · ఆదివారం సాయంత్రం 5:05

ఇద్దరి మాటా చెల్లుతుంది. నీళ్లు నిలిస్తే అద్దం, పూర్తిగా ఆరితే సున్నం గోడ. ఈ రెండింటి నడుమ ఒక స్థితి ఉంది. బక్కెట్టు నీళ్లు చల్లి, చీపురుతో నెట్టేసి, పావుగంట ఆగాలి. సిమెంటు రంగు ముదురుతుంది, పైన నీటి పొర ఉండదు. అప్పుడు వెలుగు పరుచుకుంటుంది, కొద్దిగా మెరుపు కూడా ఉంటుంది. వాకిట్లో కళ్లాపి చల్లి ముగ్గు వేసేముందు నేల ఎలా ఉంటుందో అలా ఉండాలి.

మిర్చియార్డు_దారి · ఆదివారం సాయంత్రం 5:12

కళ్లాపి పోలికతో పూర్తిగా అర్థమైందండి. రేపు సాయంత్రం ప్రయత్నిస్తాను.

కదిలే_బొమ్మలు (మంగళగిరి) · ఆదివారం రాత్రి 8:44

వీడియో కూడా తీస్తారేమో, ఒక జాగ్రత్త. రిమోటుతో వెలుగు తగ్గించినప్పుడు కంట్రోలరు నిజంగా కరెంటు తగ్గించదు. దీపాన్ని సెకనుకు వందల సార్లు వెలిగించి ఆర్పుతుంది. కంటికి తెలియదు, వీడియోలో నల్లని చారలు పాకుతాయి. పూర్తి వెలుగులో ఒకే రంగు, లేదా రెండు రంగులూ పూర్తిగా వెలిగేలా పెడితే ఆర్పడం ఉండదు, చారలూ ఉండవు. చుట్టుపక్కల వీధిదీపాలు మన 50 హెర్ట్జ్ కరెంటుతో సెకనుకు వందసార్లు మినుకుతాయి కాబట్టి షట్టరు 1/50 పెట్టండి. ఫోటోకు సెకన్ల కొద్దీ షట్టరు తెరిచి ఉంచుతారు కాబట్టి ఈ బెడద లేదు.

మిర్చియార్డు_దారి · సోమవారం రాత్రి 9:30

వెళ్లొచ్చాను. సగం గెలిచాను, సగం మిగిలింది. ఉన్నదున్నట్లు చెబుతాను.

గెలిచింది: కారు మొత్తం కనపడుతోంది. ఆకాశం ముదురు నీలంగా, తెల్ల కారు మీద మెత్తని వెలుగు. ఇది నా కెమెరాతోనే తీశానా అనిపించింది.

మిగిలింది: 8 సెకన్లు షట్టరు తెరిస్తే కారు కింద ఇంకా తెల్లబడుతోంది. తగ్గించి 2 సెకన్లు పెడితే నీలం నీలంగా వస్తోంది, కారు చీకటైపోతోంది. వెలుగు తగ్గింది కానీ గొడవ అదే.

ఇంకో సంగతి. కారులో ఏసీ వేసుకుని వెళ్లాం. కెమెరా బయటికి తీయగానే లెన్సు మీద ఆవిరి పట్టింది. తుడిస్తే మళ్లీ పట్టింది. ఉన్న పన్నెండు నిమిషాల్లో ఆరు నిమిషాలు దానికే పోయాయి. చాలా బాధనిపించింది.

ఫోన్_కెమెరా_చాలు · సోమవారం రాత్రి 9:48

అయ్యో. మన ఉక్కపోతలో అది అందరికీ జరిగేదే అన్నయ్యా. చల్లబడిన గాజు మీద తేమ గాలి తగలగానే నీరు పడుతుంది. తుడవడం వల్ల లాభం లేదు, గాజు వేడెక్కే వరకు ఆగాలి. కెమెరా సంచిని బయలుదేరేటప్పుడే డిక్కీలో పెట్టండి, లేదా ఇంటి దగ్గర నుంచే ఏసీ లేకుండా వెళ్లండి. అక్కడికి అరగంట ముందు చేరితే ఇంకా మంచిది.

ఫోనుతో కూడా ఒకటి తీసి ఉంచుకోండి. చిన్న స్టాండు మీద పెట్టి, ప్రో మోడ్‌లో ఐఎస్‌ఓ 100, 4 సెకన్లు. ప్రో మోడ్ లేకపోతే నైట్ మోడ్‌లోనే కారు కింది వెలుగు మీద తాకి, సూర్యుడి గుర్తును కిందికి లాగండి. ముందుగా ఫోను లెన్సును శుభ్రమైన నూలు గుడ్డతో తుడవండి. వేలి జిడ్డు ఉంటే ప్రతి దీపం నుంచీ ఒక పొడవాటి చార వస్తుంది.

బ్యారేజీ_సాయంత్రం · సోమవారం రాత్రి 10:05

మీరు హిస్టోగ్రాం (ఫోటోలో వెలుగు ఎంత పడిందో చూపే గ్రాఫు) చూసి తీశారా? మామూలు హిస్టోగ్రాం ఇక్కడ మోసం చేస్తుంది. మూడు రంగుల హిస్టోగ్రాం విడివిడిగా పెట్టుకోండి. నీలం ఎల్‌ఈడీ వెలుగు దాదాపు మొత్తం ఒక్క నీలం చానెల్‌లోనే పడుతుంది. ఎరుపు, ఆకుపచ్చ గీతలు ఎడమవైపు ఖాళీగా ఉంటాయి, సగటు బాగానే కనపడుతుంది, ఈలోపు నీలం కుడి గోడను గుద్దుకుని ఉంటుంది. అక్కడ పోయిన రంగు రా ఫైలులో కూడా తిరిగి రాదు.

తెల్లబడటానికి నా మార్గం, రెండు ఫోటోలు తీసి కలపడం. స్టాండు కదపకుండా ఒకటి స్ట్రిప్ ఆపి 8 సెకన్లు, ఒకటి స్ట్రిప్ వేసి 1 సెకను. తరువాత కంప్యూటర్‌లో రెండో దాన్ని మొదటి దాని మీద లైటెన్ పద్ధతిలో పరవాలి. రెండింటిలో ఏ చోట ఏది ఎక్కువ వెలుగుగా ఉందో అది నిలుస్తుంది.

పాత_ఫిల్మ్_రోలు · సోమవారం రాత్రి 10:40

కలపవచ్చు, తప్పులేదు. కానీ ఒకే ఫోటోలో వచ్చేదానికి రెండెందుకు?

బాబూ, షట్టరు 8 సెకన్లు తెరిచి ఉంటే దీపం కూడా 8 సెకన్లు వెలగాలని ఎవరన్నారు? ఫిల్ము రోజుల్లో దుకాణాల బోర్డులు ఇలాగే తీసేవాళ్లం. సంధ్యవేళ షట్టరు తెరిచి, భవనానికి కావలసినంత వెలుగు పడనిచ్చి, చివర్లో దుకాణం వాళ్లకు సైగ చేస్తే నియాన్ దీపం ఒక్క క్షణం వేసి ఆపేవాళ్లు. భవనమూ వచ్చేది, అక్షరాలూ చెక్కినట్లు వచ్చేవి.

మీ స్ట్రిప్‌కు రిమోటు ఉంది కదా. తమ్ముణ్ణి పక్కన నిలబెట్టు. షట్టరు తెరుచుకున్నాక ఒకటి అంకె లెక్కపెట్టేంతసేపు స్ట్రిప్ వేసి ఆపమను. మిగతా ఏడు సెకన్లు ఆకాశం పని చేస్తుంది. నీలం ఎక్కువైతే అర సెకను, తక్కువైతే రెండు సెకన్లు. ఎఫ్/8, ఐఎస్‌ఓ 100 అలాగే ఉండనీ. పార్కింగ్ లైట్లు కావాలనుకుంటే అవీ అంతే, ఒక్క సెకను. హెడ్‌లైట్లు మాత్రం వద్దు, కారు ముఖాన్ని అవి కడిగేస్తాయి.

ముందు చక్రాలను కొద్దిగా తిప్పి పెట్టు, రిమ్ము ముఖం కెమెరాకు కనపడేలా. కెమెరా హెడ్‌లైటు ఎత్తుకు మించకూడదు. నిలబడి తీస్తే నేల మీది వెలుగు పలచబడి కనపడుతుంది, కింద కూర్చుంటే గట్టి పట్టీలా వస్తుంది.

తెల్ల కారు పక్క భాగం ఇంకా మసకగా అనిపిస్తే నాలుగడుగుల థర్మోకోల్ అట్ట ఒకటి తీసుకెళ్లు. టార్చిని కారు మీద కాకుండా ఆ అట్ట మీద వేస్తూ, షట్టరు తెరిచి ఉన్నంతసేపూ కారు పొడవునా నడవాలి. ముదురు రంగు చొక్కా వేసుకుని, ఆగకుండా నడిస్తే మనిషి ఫోటోలో పడడు.

ఆటోనగర్_వైరింగ్ · సోమవారం రాత్రి 10:55

గురువుగారూ, ఇది అద్భుతం. ఒక్క మాట కలుపుతాను. కొన్ని కంట్రోలర్లు ఆన్ చేయగానే మెల్లగా వెలుగు పెంచుతాయి, లేదా పాత రంగుతో మొదలై కొత్త రంగుకు మారతాయి. ముందుగా పదిసార్లు వేసి ఆపి చూసుకోండి. అలా చేస్తుంటే రిమోటు నమ్ముకోకుండా, స్ట్రిప్‌కు వెళ్లే 12 వోల్టుల తీగకు ఒక చిన్న స్విచ్ పెట్టుకోండి. ఒక్క నీలమే కావాలి కాబట్టి కంట్రోలరు లేకుండా 12 వోల్టుల తీగను ప్లస్‌కు, నీలం తీగను మైనస్‌కు నేరుగా కలిపినా సరిపోతుంది. ఫ్యూజు మాత్రం మరవద్దు.

మిర్చియార్డు_దారి · బుధవారం రాత్రి 8:15

ఈరోజు మధ్యాహ్నం గుంటూరులో ఒక జల్లు పడింది. బక్కెట్టు అవసరం లేకుండానే నేల తడిసి, సాయంత్రానికి సరిగ్గా మీరు చెప్పిన కళ్లాపి నేలలా తయారైంది. ఏసీ వేయలేదు, కెమెరా డిక్కీలో పెట్టాం. 5:30కే చేరుకున్నాం.

స్ట్రిప్‌ను తమ్ముడు నిన్ననే నాలుగు వేళ్లు లోపలికి జరిపాడు. కంట్రోలరు ఆన్ చేయగానే ఒకసారి ఎరుపు మెరిసి నీలానికి మారుతోంది, అందుకని ఆటోనగర్ అన్నయ్య చెప్పినట్లు నీలం తీగను నేరుగా కలిపి, 12 వోల్టుల తీగకు ఫ్యూజు, చిన్న స్విచ్ పెట్టాడు. 6:24కు ఎఫ్/8, ఐఎస్‌ఓ 100, 8 సెకన్లు. తమ్ముడు ‘ఒకటి’ అని గట్టిగా అంటూ స్విచ్ నొక్కి వదిలాడు. మొదటి ఫోటో తెర మీద చూసి ఇద్దరం ఒక్క నిమిషం మాట్లాడలేదు. నీలం నీలంగానే ఉంది. కారు గుమ్మం కింది అంచు మీద అదే నీలం సన్నగా పాకింది. టైరు గాళ్లలో ఇరుక్కున్న తడి కూడా మెరుస్తోంది.

నేల మీద నీళ్లు ఒక్కచోటే, వెనుక చక్రం దగ్గర చిన్న గుంటలో నిలిచాయి. అక్కడ మాత్రం ఎల్‌ఈడీలు ఎనిమిదో తొమ్మిదో పూసల్లా కనపడ్డాయి. గుడ్డతో ఆ నీళ్లు అద్ది మళ్లీ తీశాం. చివర్లో పురుగులు వచ్చాయి. రెండు ఫోటోల్లో అవి సన్నని తెల్ల దారాల్లా వచ్చాయి, ఆ రెండూ పక్కన పెట్టాం. మొత్తం తొమ్మిది తీస్తే నాలుగు బాగా వచ్చాయి.

గురువుగారూ, మీరు నేలను వంగి చూడమన్నారు కదా. వంగి చూస్తే అక్కడంతా మిరపకాయ తొడిమలు. టిక్కీలు (మిర్చి బస్తాలు) దించినప్పుడు రాలినవి. పగలు వాటిని ఎవరూ చూడరు. నీలం వెలుగులో ఒక్కొక్క తొడిమకూ వేలెడు నీడ పడింది. నేను చీపురు తెచ్చి కారు ముందు భాగమంతా ఊడ్చాను. ఊడ్వక ముందు తీసినది ఒకటి, ఊడ్చాక తీసినవి మూడు ఉన్నాయి. తమ్ముడు ఊడ్వక ముందుదే ఎంచుకున్నాడు.

పాత_ఫిల్మ్_రోలు · బుధవారం రాత్రి 8:50

తమ్ముడి చూపు మంచిది. ఊడ్చిన నేల ఎక్కడైనా దొరుకుతుంది, ఆ తొడిమలు గుంటూరులోనే ఉంటాయి.

ప్రింటు విషయంలో తొందరపడకు. తెర మీద వెలిగే నీలం కాగితం మీద అంతగా వెలగదు, కాస్త ఊదాగా, మసకగా మారుతుంది. లాబులో నీలం గాఢత కొద్దిగా తగ్గించిన ఫైలు ఒకటి, మామూలుది ఒకటి ఇచ్చి, చిన్న సైజులో రెండూ వేయించి చూడు. ఆ తరువాతే పెద్దది. నిగనిగలాడే కాగితం వద్దు, ఫ్రేముకు గాజు ఎలాగూ ఉంటుంది. చీకటి భాగం ఎక్కువున్న ఫోటో కాబట్టి కిటికీకి ఎదురుగోడకు పెట్టకండి, గది మొత్తం అందులో కనపడుతుంది.

బ్యారేజీ_సాయంత్రం · బుధవారం రాత్రి 9:20

ఇక్కడ పెట్టేముందు నంబరు ప్లేటు మసకబరచండి. ఫోటో చూడాలని ఎదురుచూస్తున్నాం. వచ్చే ఆదివారం నేనూ ఆ ఒక్క సెకను పద్ధతి చూడబోతున్నాను. ఇన్నేళ్లూ రెండు ఫోటోలు కలుపుతూ కూర్చున్నాను.

మిర్చియార్డు_దారి · శుక్రవారం సాయంత్రం 6:40

చిన్నవి రెండూ వేయించాను. నీలం తగ్గించినదే బాగుంది. 12×18 సైజుకు, మెరుపు లేని కాగితానికి ఇచ్చి వచ్చాను, సోమవారం ఇస్తామన్నారు. చిన్న ప్రింటును అమ్మ తన పూజ గది పక్క గూట్లో పెట్టుకుంది. కింద చుక్కల్లా ఉన్నవి ఏమిటని అడిగితే తొడిమలని తమ్ముడు చెప్పాడు. కళ్లద్దాలు తెచ్చుకుని మళ్లీ చూసింది.